తరగతి గదికి మగ్గం

స్వర్ణముఖీ నదీతీరాన ఉన్న నాయుడుపేట దారులు కలిసే ఊరు. చెన్నై నుంచి కోల్‌కతా వెళ్ళే జాతీయ రహదారి, గూడూరు మీదుగా సాగే రైలుమార్గం, శ్రీకాళహస్తి మీదుగా తిరుపతికి పోయే రహదారి అక్కడ కలుస్తాయి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడేవరకు ఆ ఊరు నెల్లూరు జిల్లాలో ఉండేది. సమీపంలోని మేనకూరులో కర్మాగారాలు వెలిశాయి. ఆగ్నేయాన శ్రీహరికోట నుంచి రాకెట్లు ఎగురుతాయి. పడమట వెంకటగిరి ఉంది. సన్నని నూలుచీరకు దేశమంతటా పేరు తెచ్చిన ఊరు అది. ఇంతటి కూడలిలో చదువుకొనే విద్యార్థి రాకెట్టు ఎగరడాన్ని ఆకాశంలో చూసి ఉంటాడు, సెల్‌ఫోను విడిభాగాల కర్మాగారం గోడలనైనా చూసి ఉంటాడు. కానీ తాను తొడుక్కున్న చొక్కాగుడ్డలో నిలువుదారం ఏదో, అడ్డదారం ఏదో చెప్పమంటే తడుముకుంటాడు. ఇది ఆ విద్యార్థి లోపం కాదు. మగ్గాన్ని అతని దగ్గరకు ఎవరూ తీసుకురాలేదు.

తీసుకురావడం సులభమూ కాదు. వెంకటగిరి వంటి చేనేత కేంద్రాలలో తరతరాలుగా వాడుకలో ఉన్నది గుంటమగ్గం. నేలలో గుంట తవ్వి, నేతగాడు గుంట అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి జార్చి, తొక్కుడు చెక్కలను పాదాలతో ఆడిస్తాడు. పడుగు దారాలు పైకీ కిందికీ విడిపోయి నడుమ సందు ఏర్పడుతుంది. ఆ సందులోనుంచి పేకదారం చుట్టిన కండెను మోసుకుంటూ నాడె ఇటునుంచి అటు దూసుకుపోతుంది. అచ్చు అనే సన్నని పళ్ళ దువ్వెన ఆ పేకను ముందరి పేకకు ఆనించి కొడుతుంది. గుంట తవ్వడం చోటు కలిసివస్తుందని చేసిన పని మాత్రమే కాదు. నేల మగ్గాన్ని కదలకుండా పట్టి ఉంచుతుంది. గుంటలోని చల్లదనం, తేమ నూలు పెళుసెక్కి తెగకుండా కాపాడుతుంది. అంటే గుంటమగ్గం ఒక పరికరమే కాదు, ఆ ఇంటిలో ఒక భాగం. దానిని ఊడదీసి బండిమీద వేసి బడికి తేవడమంటే వంటింటి పొయ్యిని, పొగగొట్టాన్ని, గోడను కలిపి తెచ్చినంత పని. కనుకనే ప్రతి సంవత్సరం ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవంనాడు పాఠశాలల్లో వ్యాసరచన పోటీలు, ఉపన్యాసాలు జరుగుతాయి, మగ్గం మాత్రం కనిపించదు. 1905లో ఆ తేదీన కలకత్తాలో స్వదేశీ ఉద్యమాన్ని ప్రకటించారు కాబట్టి 2015 నుంచి ఆ రోజును చేనేతకు కేటాయించారన్న సంగతి పరీక్షలో ఒక మార్కు ప్రశ్నగా మిగిలిపోతుంది.

ఈ దూరానికి చెల్లిస్తున్న మూల్యం చిన్నది కాదు. 2009-10లో జరిగిన మూడవ అఖిల భారత చేనేత గణనలో నేతపని, దాని అనుబంధ పనులు చేసేవారు 43 లక్షల పైచిలుకు ఉన్నారు. 2019-20లో జరిగిన నాలుగవ గణన నాటికి వారి సంఖ్య 35 లక్షలకు తగ్గింది. దాదాపు మూడింట రెండువంతుల చేనేత కుటుంబాల నెలసరి ఆదాయం 5,000 రూపాయలకు లోబడి ఉందని ఆ గణనే చెప్పింది. ఇటువంటి ఆదాయం చూస్తూ తన కొడుకు మగ్గం మీదనే కూర్చోవాలని ఏ తండ్రి కోరుకుంటాడు? మేనకూరుకో, శ్రీసిటీకో ఉద్యోగానికి పోయే యువకుణ్ణి తప్పుపట్టే అధికారం ఎవరికీ లేదు. అయితే అతనితోపాటు మరొకటి కూడా ఇల్లు విడిచి వెళుతుంది. దారం ఎంత బిగువుగా ఉంటే తెగదో, ఏ కాలంలో గంజి ఎంత చిక్కగా ఉండాలో, అంచు లోపలికి ముడుచుకుపోతున్నట్లు ఎలా పసిగట్టాలో వ్రాతలో ఎక్కడా లేదు. అది చేతినుంచి చేతికి వచ్చిన విద్య. ఒక తరం చేయి అందుకోకపోతే గొలుసు అక్కడే తెగుతుంది.

వెంకటగిరిలో ప్రగడ కోటయ్య పేరిట నడుస్తున్న చేనేత సాంకేతిక విద్యాసంస్థ ఉంది. చేనేతను వృత్తిగా ఎంచుకొన్నవారికి అది శిక్షణ ఇస్తుంది. కానీ ఇక్కడ ప్రస్తావన వారిని గురించి కాదు. చేనేతను వృత్తిగా ఎన్నడూ ఎంచుకోని వేలాది సామాన్య విద్యార్థులను గురించి. రేపు గుడ్డ కొనేవారు, అమ్మేవారు, ధర నిర్ణయించేవారు, చట్టాలు చేసేవారు వారే. వారి కోసం చేతితో ఎత్తుకుపోగల, బల్లమీద పెట్టుకోగల, ఊళ్ళోనే తయారుచేసుకోగల చిన్న మగ్గం కావాలి.

ఈ ఆలోచన వినగానే పెద్దలు కొందరు పాత అనుభవాలను గుర్తుచేస్తారు. అవి గుర్తుచేయదగినవే. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ నెల్లూరు సమీపాన పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించారు. రాట్నం ఆనాటి ఆశ్రమాల జీవనంలో భాగం. 1937లో వార్ధాలో జరిగిన విద్యాసదస్సు చేతిపనిని చదువుకు కేంద్రంగా నిలపాలని సంకల్పించింది. జాకీర్ హుస్సేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం అందుకు పాఠ్యప్రణాళికను సిద్ధం చేసింది. నూలు వడకడం ద్వారా లెక్కలు, పత్తి ద్వారా భూగోళం, వస్త్రం ద్వారా చరిత్ర నేర్పవచ్చునన్న ఆలోచన గొప్పది. అయితే పిల్లలు తయారుచేసిన వస్తువులు అమ్మి ఉపాధ్యాయుని జీతం రాబట్టాలన్న నియమం దానికి జతపడింది. తరగతి గది కార్ఖానాగా మారుతుందేమోనన్న భయం ఆనాడే వ్యక్తమైంది. ఆ భయం నిరాధారమైనది కాదు. నేటి తరగతి మగ్గంమీద నేసిన గుడ్డను అమ్మరాదు. వంకరపోయినా, దారాలు తెగినా, అంచులు ఎగుడుదిగుడుగా ఉన్నా అది విద్యార్థి ఇంటికి పోవాలి.

రెండవ అనుభవం మరింత చేదైనది. 1953లో మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్న రాజాజీ ఒక ప్రాథమిక విద్యాపథకాన్ని ప్రవేశపెట్టారు. అప్పటికి ఆంధ్రరాష్ట్రం ఇంకా విడివడలేదు. నెల్లూరు జిల్లా, అందులోని నాయుడుపేట మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. పల్లెటూరి పిల్లలు కొంత సమయం బడిలో చదువుకొని, తక్కిన సమయం ఇంటివద్ద తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలన్నది ఆ పథకం. అంటే నేతగాని బిడ్డ నేత, కుమ్మరి బిడ్డ కుండ, చాకలి బిడ్డ బట్టల మూట. దానిని కులవిద్య అని ప్రజలు నిరసించారు. 1954లో కామరాజ్ అధికారంలోకి వచ్చాక అది రద్దయింది. చేతిపని పేరుతో బిడ్డను పుట్టిన ఇంటికే కట్టివేసే చదువు చదువు కాదని ఆ నిరసన స్పష్టంగా చెప్పింది.

తరగతి మగ్గాన్ని కోరేవారు ఈ విమర్శను దాటవేయకూడదు. దానికి జవాబు ఆ మగ్గం అమరికలోనే ఉండాలి. ఆంధ్రదేశంలో నేతవిద్య శతాబ్దాలుగా పద్మశాలి, దేవాంగ, తొగట వంటి కులాల ఇళ్ళలోనే నిలిచి ఉంది. ఇతరులకు అది కనిపించలేదు, నేతవారి పిల్లలకు అది తప్పలేదు. బల్లమీది మగ్గం ఈ రెంటినీ తారుమారు చేయగలదు. దాని ముందు రైతు కొడుకు, బెస్తవారి కూతురు, గుమాస్తా కొడుకు, నేతగాని కూతురు ఒకే వరుసలో కూర్చుంటారు. అందరి పడుగూ మొదటిరోజు చిక్కుపడుతుంది. ఇంటి పనిగా చేసినప్పుడు చిన్నతనంగా తోచిన నైపుణ్యం, పక్కవాడు గంటసేపు ప్రయత్నించి విఫలమైనప్పుడు ఎంతటిదో నేతగాని కూతురికి తెలియవచ్చు. తక్కినవారికి చీర ధర వెనుక ఉన్న శ్రమ తెలియవచ్చు. బిడ్డను వృత్తికి కట్టివేయడానికీ, వృత్తిని బిడ్డలందరి ముందూ తెరిచి పెట్టడానికీ మధ్య ఉన్న తేడా ఇదే.

మగ్గాన్ని మోసుకుపోవచ్చునన్నది కొత్త ఊహ కాదు. నాగాలాండ్, మణిపూర్ ప్రాంతాల స్త్రీలు పడుగు ఒక చివరను గుంజకు, మరొక చివరను తమ నడుముకు కట్టుకొని నేస్తారు. వెనుకకు వాలితే దారం బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. పని ముగిశాక మగ్గాన్ని చాపలా చుట్టి మూలన పెడతారు. రాట్నం విషయంలోనూ ఇటువంటి అన్వేషణ సాగింది. 1929లో అఖిల భారత చరఖా సంఘం మెరుగైన రాట్నానికి లక్ష రూపాయల బహుమతి ప్రకటించింది. అది తేలికగా ఉండాలి, మోసుకుపోవడానికి వీలుగా ఉండాలి, మామూలు గుడిసెలో నడవాలి, ఒక స్త్రీ రోజుకు ఎనిమిది గంటలు పెద్దగా అలసిపోకుండా తిప్పగలగాలి, వెల 150 రూపాయలు మించరాదు. ఆ బహుమతి ఎవరికీ దక్కలేదు. కానీ ఆ నిబంధనలు ఇప్పటికీ చదవదగినవి. యంత్రం ఎంత గొప్పదని కాక, అది ఎవరి ఇంట్లో, ఎవరి చేతిలో పనిచేయాలని అవి అడిగాయి. 1930ల ఆరంభంలో ఎరవాడ జైలులో రూపుదిద్దుకొన్న పెట్టెరాట్నం ఆ దారిలోనిదే. మూత మూస్తే చేతిపెట్టె, తెరిస్తే రాట్నం.

అప్పటికీ ఇప్పటికీ మారినది తయారీ పద్ధతి. గతంలో ఒక పనిముట్టుకు రూపం ఇచ్చినవాడు దానిని వంద ఊళ్ళకు చేర్చాలంటే కర్మాగారం కావాలి, పెట్టుబడి కావాలి. నేడు మగ్గపు భాగాల కొలతలను కంప్యూటరులో బొమ్మగా గీస్తే, ఆ బొమ్మను చదివి ప్లైవుడ్డు పలకను కోసే లేజరు యంత్రాలున్నాయి. ప్లాస్టిక్కును కరిగించి పొరమీద పొరగా పోసి వస్తువును నిలబెట్టే త్రీడీ ప్రింటర్లున్నాయి. బొమ్మ ఉన్న ఫైలు నాయుడుపేట నుంచి పోచంపల్లికో, పొందూరుకో క్షణంలో చేరుతుంది. మగ్గం మాత్రం ఎక్కడికక్కడ తయారవుతుంది. ఇటువంటి యంత్రాలను సామాన్యులకు అందుబాటులో ఉంచాలన్న ఉద్దేశంతో అమెరికాలోని ఎంఐటీ విద్యాసంస్థ ఆలోచించిన ఫ్యాబ్ ల్యాబ్, ఆ దేశపు నగరాలకంటే ముందుగా 2002లో మహారాష్ట్రలోని పాబల్ అనే పల్లెలో, విజ్ఞాన ఆశ్రమంలో అడుగుపెట్టింది. బడి మానేసిన పల్లె పిల్లలకు పని ద్వారా చదువు చెప్పే సంస్థ అది. ఆంధ్రప్రదేశ్ పాఠశాలలకు కూడా ఈ యంత్రాలు పూర్తిగా కొత్తవి కావు. 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద దేశంలో పదివేల పాఠశాలలకు టింకరింగ్ ల్యాబులు మంజూరయ్యాయి. ఒక్కొక్క పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు సాయం అందించే పథకం అది. వాటిలో త్రీడీ ప్రింటరు సాధారణంగా ఉంటుంది. దానిమీద ఏమి తయారుచేయాలో తోచక చిన్న బొమ్మలు, తాళంచెవి గొలుసులు అచ్చుతీసే సందర్భాలు కూడా లేకపోలేదు.

మగ్గానికీ కంప్యూటరుకూ ఉన్న బంధుత్వం తెలిసినవారికి ఈ కలయిక వింతగా తోచదు. 1804లో ఫ్రాన్సు దేశస్థుడు జకార్డు, రంధ్రాలు పొడిచిన అట్టల సాయంతో పడుగు దారాలను ఎత్తి దించే పద్ధతిని మగ్గానికి అమర్చాడు. రంధ్రం ఉంటే దారం లేస్తుంది, లేకుంటే లేవదు. 1830లలో ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తాను ఊహించిన గణన యంత్రానికి ఈ అట్టల ఆలోచననే తీసుకొన్నాడు. ఆంధ్రదేశపు నేత కేంద్రాలలో నేటికీ చీర అంచుల పనికి జకార్డు అట్టలు మగ్గంపైన వేలాడుతూ కనిపిస్తాయి. కంప్యూటరు మగ్గం దగ్గర అప్పు తీసుకొన్నది. ఇప్పుడు తీర్చుకోవడానికి ఒక అవకాశం వచ్చింది.

అయితే అవకాశం వచ్చినంతమాత్రాన మంచి మగ్గం రాదు. తెరమీద అందంగా కనబడే మగ్గానికీ, దారం ఎక్కించాక నిలబడే మగ్గానికీ చాలా దూరం. తరగతికి సరిపోయే మగ్గంలో 20 సెంటీమీటర్ల వెడల్పు గుడ్డ వస్తే చాలు. సెంటీమీటరుకు నాలుగు దారాల చొప్పున 80 పడుగు దారాలు కావాలి. ఒక్కొక్కటి మీటరున్నర పొడవు అనుకొంటే 120 మీటర్ల నూలు. ఆ దారాలను విడదీయడానికి తొక్కుడు చెక్కలకు బదులు ఒకే పలక ఉంటుంది. ఆ పలకలో ఒక సన్నని కన్ను, దాని పక్కన ఒక పొడవైన చీలిక, మళ్ళీ కన్ను, మళ్ళీ చీలిక. దారాలలో సగం కన్నులలోనుంచి, సగం చీలికలలోనుంచి పోతాయి. పలకను ఎత్తితే కన్నులలోని దారాలు లేస్తాయి, చీలికలలోనివి ఉన్నచోటనే ఉంటాయి. దించితే కన్నులవి కిందికి పోతాయి. నడుమ సందు ఏర్పడుతుంది. అదే పలకతో పేకను ముందుకు నెట్టవచ్చు. గుంటమగ్గంలో వేర్వేరు భాగాలు చేసే రెండు పనులను ఇక్కడ ఒక పలకే చేస్తుంది.

ఇంతవరకు తేలిక. ఇక్కడినుంచి చిక్కులు మొదలవుతాయి. లేజరు కోసినప్పుడు చెక్కలో కొంత మందం కాలిపోతుంది. గీసిన గీతకంటే చీలిక వెడల్పవుతుంది, రెండు చీలికల నడుమ మిగిలిన పన్ను సన్నబడుతుంది. ఆ సంగతి ముందే లెక్కలో వేయకపోతే పళ్ళు విరుగుతాయి, చట్రపు అతుకులు వదులవుతాయి. కోసిన అంచు నల్లగా మాడి ఉంటుంది. గరుకుకాగితంతో రుద్ది మైనం పట్టించకుండా తెల్లనూలు ఎక్కిస్తే రెండు జానలు నేసేసరికి గుడ్డ మసిబారుతుంది. త్రీడీ ప్రింటరులో చేసిన పలకకు పొరల గరుకు ఉంటుంది. ప్రతి పేకకు దారం ఆ గరుకుమీద రాసుకొంటుంది, నూరుసార్లు రాసుకొన్నాక పీచులేచి తెగుతుంది. ప్రింటర్లలో ఎక్కువగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్కు 60 డిగ్రీల వేడికి మెత్తబడుతుంది. మే నెలలో నాయుడుపేట ఎండలో నిలిపిన వ్యానులో మగ్గాలను వదిలి భోజనానికి పోయి వచ్చిన అధ్యాపకునికి వంగిన పలకలు దర్శనమీయవచ్చు! ఒక్కొక్క దారానికి 50 గ్రాముల బిగువే అనుకొన్నా, 80 దారాలు కలిసి నాలుగు కిలోల బరువుతో చట్రాన్ని లోపలికి లాగుతుంటాయి. గుంటమగ్గానికి ఆ లాగుడును భూమి భరిస్తుంది. బల్లమీది మగ్గానికి భూమి లేదు.

ఈ చిక్కులను కంప్యూటరు ముందు కూర్చున్న నిపుణుడు ఒక్కడే ఊహించలేడు. దారం ఎక్కడ రాసుకొంటుందో నేతగాని వేలికి తెలుసు. ఇందుకు తెలుగునేలమీదనే చక్కని ఉదాహరణ ఉంది. ఆలేరు ప్రాంతంలో పుట్టిన చింతకింది మల్లేశం పోచంపల్లి పద్ధతి చీరలు నేసే కుటుంబంవాడు. ఆ చీరకు రంగులద్దే ముందు దారాన్ని ఆసుమీద పోయాలి. ఒక్క చీరకు ఆయన తల్లి లక్ష్మి దాదాపు 9,000 సార్లు చేయిని ముందుకూ వెనుకకూ ఆడించవలసి వచ్చేది. ఆమె భుజంనొప్పి చూడలేక, పెద్ద చదువు లేని ఆ యువకుడు 1992లో ఆసు యంత్రం పని మొదలుపెట్టాడు. డబ్బు దొరికినప్పుడల్లా ఒక్కొక్క భాగం అమర్చుకొంటూ 1999లో పూర్తిచేసి దానికి తల్లి పేరు పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఏడేళ్ళు ఎందుకు పట్టిందని అడిగేవారు, ఆయనకు లేని యంత్రాలను మాత్రమే చూస్తారు. ఆయనకు ఉన్నదానిని చూడరు. ఏ కదలిక తల్లి చేయిని నొప్పిస్తున్నదో, ఏ కదలిక దారాన్ని కాపాడుతున్నదో ఆయనకు తెలుసు. లేజరు యంత్రం ఏడేళ్ళను ఏడు వారాలు చేయగలదేమో కానీ ఆ తెలివిని కోసి ఇవ్వలేదు.

కాబట్టి తరగతి మగ్గం రూపకల్పనలో తొలిరోజునుంచే వెంకటగిరి నేతగాడు ఉండాలి. తయారైన తరువాత పిలిచి శాలువా కప్పి అభిప్రాయం అడిగే ఆచారం పనికిరాదు. మొదటి నమూనాలో దారం తెగినప్పుడు పలకను చేతిలోకి తీసుకొని ఈ కన్ను అంచు ఇంకొంచెం గుండ్రంగా ఉండాలని ఆయన చెప్పాలి. ఆ మాట విని విద్యార్థి ఫైలులో గీతను సవరించి మరునాటికి రెండవ పలక కోయాలి. ఆ రెండవ పలకమీద ఆయన మళ్ళీ తప్పు చూపాలి. ఏర్పేడు సమీపంలో 2015లో ఏర్పడిన తిరుపతి ఐఐటీ నాయుడుపేటకు దూరం కాదు. వెంకటగిరి చేనేత విద్యాసంస్థ మరోవైపు ఉంది. ఈ రెండింటి నడుమ నాయుడుపేట జూనియర్ కళాశాల విద్యార్థులు ఒక మగ్గాన్ని తయారుచేయడం అసాధ్యమైన ఊహ కాదు. లేజరు యంత్రం అందుబాటులో లేని ఊరిలో అదే కొలతలతో వడ్రంగి రంపంతో కోయగలిగే విధంగా చట్రం ఉండాలి. కన్నుల పలక ఒక్కటే యంత్రం చేయవలసినంత సున్నితమైనది.

సిద్ధంగా ఉన్న చిన్న మగ్గాలు బజారులో దొరుకుతున్నాయి కదా, కొని ఇస్తే పోలేదా అన్న ప్రశ్న సహజం. నేత రుచి చూపడానికైతే అవి చాలు. కానీ కొన్న మగ్గంలో పన్ను విరిగితే అది అలమారలో చేరుతుంది. పాఠశాలల ప్రయోగశాలల్లో తాళంవేసిన అలమారలకు కొరతలేదు. తాను కోసి, రుద్ది, అతికించిన మగ్గాన్ని విద్యార్థి మరమ్మతు చేసుకోగలడు. అంతకుమించి, పలకకు కన్నూ చీలికా ఎందుకు ఒకదానిపక్కన ఒకటి ఉండాలో తెలియకుండా దానిని గీయలేడు. మగ్గాన్ని తయారుచేయడమే నేతలో తొలిపాఠం.

పరీక్షలకు పోటీపడే ఇంటర్మీడియట్ విద్యార్థికి ఇంత తీరిక ఎక్కడిదన్న ఆక్షేపణ మరింత బలమైనది. 2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తి నిపుణుల వద్ద పని నేర్చుకొనే అవకాశం సూచించింది. జూనియర్ కళాశాల విద్యార్థికి ఆ పది రోజులు కూడా లేవు. అయినా మగ్గం చదువుకు వెలుపలి వస్తువు అనుకోవడం పొరపాటు. 100 కౌంటు నూలు అంటే 840 గజాల చిలపలు నూరు కలిపితే ఒక పౌను తూగే నూలు. అంటే అరకిలోకు లోపు బరువున్న నూలు దాదాపు 77 కిలోమీటర్ల పొడవు. నాయుడుపేట నుంచి తిరుపతి వరకు రోడ్డుమీద పరచినా ఇంకా మిగులుతుంది. వెంకటగిరి చీరకు పేరు తెచ్చినది అటువంటి సన్నని నూలే. ఇది లెక్కల పాఠం కాదా? తేమ తగిలిన నూలు ఎందుకు తెగదన్నది రసాయనశాస్త్రం కాదా? వెంకటగిరి జాందానీ బుటా నేసేటప్పుడు, ప్రతి బుటాకు వేరుగా చిన్న కండెతో దారాన్ని వేళ్ళతో చొప్పించి, ఎన్ని పడుగులు విడిచి ఎన్నింటి కిందనుంచి పోవాలో లెక్కపెడతారు. ఈ పని చిన్న మగ్గంమీద కూడా సాధ్యమే. ఎనిమిది గడుల నిలువు, ఎనిమిది గడుల అడ్డం ఉన్న గళ్ళకాగితం మీద పువ్వు గీసి, నిండిన గడికి ఒకటి, ఖాళీ గడికి సున్న వ్రాసుకొని నేసిన విద్యార్థికి కంప్యూటరు తెరమీద బొమ్మ ఎలా నిలుస్తుందో వేరే పాఠంగా చెప్పనక్కరలేదు.

ఒక్క మాట దాచకూడదు. బల్లమీది మగ్గం గుంటమగ్గానికి సాటిరాదు. దానిలో పాదాలకు పనిలేదు. చేయీ కాలూ ఒకే తాళంలో నడిచే ఆ లయ అందులో లేదు. వేల పడుగులను ఒక్కొక్కటిగా అతికే ఓర్పును 80 దారాలు నేర్పలేవు. చిన్న మగ్గంమీద రుమాలు నేసినవాడు నేతగాడు కాడు. ఆ సంగతి విద్యార్థికి తెలియాలంటే, తన రుమాలు ముగిసిన తరువాత అతడు వెంకటగిరికి పోయి గుంట అంచున కూర్చోవాలి. ముందుగా కాదు, తరువాతే. చేయి ఒకసారి చిక్కుపడ్డవానికే ఎదుటివాని చేయి ఎంత నేర్పుగా కదులుతున్నదో కనబడుతుంది.

మొదటి గుడ్డలో దాదాపు ప్రతి ఒక్కరికీ ఒకే తప్పు దొర్లుతుంది. 20 సెంటీమీటర్ల వెడల్పుతో మొదలైన గుడ్డ, పేకను మరీ బిగించి లాగడంవల్ల, పోనుపోను 18కి, 16కి తగ్గుతూ సొరకాయ మెడలా సన్నబడుతుంది. ఏ పుస్తకమూ దీనిని సరిచేయలేదు. పక్కన నిలబడి, పేకను నిటారుగా కాక కొంచెం వాలుగా వదిలి అప్పుడు నెట్టమని చెప్పి, ఒకసారి చేసి చూపేవారు ఉండాలి. అలా చూపడానికి వచ్చిన రోజున వెంకటగిరిలో ఆయన మగ్గం ఆగిపోతుంది, ఆ రోజు కూలి పోతుంది. నాలుగవ గణన లెక్క ప్రకారం దేశంలో నేతపనివారిలో 70 శాతానికి మించి స్త్రీలే కాబట్టి, ఆ వచ్చేది ఆయన కాక ఆమె కావచ్చు. అప్పుడు ఆమె ఇంటిపని కూడా మరొకరు చూడవలసి వస్తుంది. లేజరు యంత్రానికి, ప్లైవుడ్డుకు, నూలుకు అంచనాలు వేసే పట్టికలో ఈ ఖర్చు చిట్టచివర చిల్లర పద్దుగానో, గౌరవ పారితోషికంగానో చేరడం పరిపాటి. తరగతికి మగ్గం తేవాలని నిజంగా తలపెట్టినవారు ఆ పట్టికను తలకిందులుగా వ్రాయాలి. మొదటి వరుసలో నేర్పేవారి రోజుకూలి, అధ్యాపకునికి ఇచ్చే స్థాయిలో. ఆ తరువాత నూలు. ఆ తరువాత చెక్క. యంత్రం చివర.